అద్దకపు నీరును ఎండచేత శుద్ధిచేయుట

కొన్ని మాసములుగా సంఘసభ్యులు మమ్ములను ఒకే ప్రశ్న అడుగుచున్నారు. అద్దకపు తొట్లనుండి వచ్చు ఎఱ్ఱని, నీలపు నీళ్లలో ఒక పొడిని కలిపి ఎండకు పెట్టినచో రంగు విరిగి నీరు తేటపడునట. అట్టి పొడిని సంఘపు సొమ్ముతో కొనవచ్చునా, తేటపడిన ఆ నీటిని పొలమునకు పెట్టుకొనవచ్చునా అనునదే ఆ ప్రశ్న. వాగునకు ఎగువన నేతపనివారును, దిగువన సేద్యగాండ్రును గల గ్రామములయందు ఇది చిన్న సంగతి కాదు. ఎగువవారికి ఆ రంగు కూడు పెట్టుచున్నది. దిగువవారి నేలను ఆ నీరు చెరుచుచున్నది. ఇరువురును ఒకే సంఘమునందు సభ్యులు. కావున ఈ పొడి చేయగలిగినదేదో, చేయలేనిదేదో ఇచ్చట వివరింపదలచితిమి.

రంగు నీటిలోనికి ఎట్లు వచ్చును?

తొట్టిలో వేసిన రంగంతయు నూలునకు అంటదు. ప్రత్తినూలుకు నేడు విశేషముగా వాడు రియాక్టివ్ రంగులలో ఒక్కొక్కప్పుడు సగమువరకు చిలపలను పట్టక కడుగునీటితో పోవును. ఈ రంగులు నూలును చేరుటకై తొట్టిలో ఉప్పును, అవి గట్టిగా పట్టుటకై చాకలిసోడాను కలుపుదురు. రంగు చిక్కదనమునుబట్టి లీటరు నీటికి 30 మొదలు 100 గ్రాముల వరకు ఉప్పు పడును. ఈ ఉప్పు నూలులో నిలువదు. వేసినదంతయు బయటి కాలువలోనికే వచ్చును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. తుదకు మనము దీనియొద్దకే తిరిగిరావలసియున్నది.

లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము రంగున్నను కంటికి కనబడును. రంగు చిక్కనైనకొలది వెలుతురు నీటి అడుగునకు పోదు. నీటిమొక్కలు క్షీణించును, ప్రాణవాయువు తగ్గును, చేపలు బ్రతుకవు. రంగులలో ఎక్కువభాగము అజో జాతివి, అనగా రెండు నత్రజని పరమాణువుల ముడి గలవి. గాలి సోకని బురదలో సూక్ష్మజీవులు ఆ ముడిని త్రెంచినప్పుడు కొన్ని రంగులనుండి బెంజిడీన్ వంటి పుట్టకురుపు కలిగించు విషములు వెలువడును. అందుచేతనే బెంజిడీన్ మూలముగా గల రంగులను మన దేశమున 1990 తరువాతి దశాబ్దమున నిషేధించిరి.

ఎండకును, చెమటకును, చాకలిబండకును ఓర్చునట్లు చేసిన రంగును వాగులోని సూక్ష్మజీవులు సులభముగా తినలేవు. బట్టకు గుణమైనదే నీటికి దోషమైనది. పటిక, సున్నము వేసి రంగును అడుగునకు దింపవచ్చును గాని అప్పుడు రంగు బురదగా మిగులును. బొగ్గుపొడికి పట్టించినను ఇంతే. మురికి ఒకచోటనుండి మరియొకచోటికి మారినదే గాని నశింపలేదు. ఎండతో పనిచేయు పొడులను శాస్త్రజ్ఞులు ఇంత శ్రద్ధతో పరిశోధించుటకు కారణమిదియే. అవి రంగును దింపవు, నీటిలోనే విరుగగొట్టును.

పొడి చేయు పని

1967లో జపాను దేశమందలి టోక్యో విశ్వవిద్యాలయమున ఫుజిషిమా అను విద్యార్థి టైటానియమ్ డైఆక్సైడు పలకను నీటిలో ఉంచి దానిపై వెలుతురు పడనీయగా నీరు విడివడి వాయుబుడగలు పుట్టుట కనిపెట్టెను. ఆయనయు, ఆయన గురువగు హోండాయు 1972లో ఈ సంగతిని లోకమునకు ప్రకటించిరి. మరి కొన్ని సంవత్సరములకే ఇతరులు ఇదే పదార్థముచేత నీటిలోని విషములను విరువవచ్చునని చూపిరి. ఇది మనకు క్రొత్త వస్తువు కాదు. గోడల తెల్లరంగునకు వన్నె తెచ్చునది ఇదియే. దీనికి మూలమగు ఇల్మనైటు ఇసుక శ్రీకాకుళము, భీమునిపట్నము తీరములయందును గలదు.

ఇట్టి పదార్థమును ఉత్ప్రేరకమందురు. రెండు కుటుంబములకు సంబంధము కుదిర్చి తాను మాత్రము వచ్చినట్లే తిరిగిపోవు పెద్దమనిషివంటిది ఇది. పని జరిపించును గాని తాను ఖర్చుపడదు. వెలుతురు ఉన్నప్పుడే పనిచేయుటచేత దీనిని కాంతి ఉత్ప్రేరకమని పిలుతురు.

పని జరుగు విధమును ఏతముతో పోల్చి చెప్పెదము. పొడిరేణువులోని ఎలక్ట్రానులు బావిలోని నీటివలె క్రిందిమట్టమున ఉండును. వెలుతురు వాటిని పైమట్టమునకు ఎత్తును. పైకి లేచిన ఎలక్ట్రాను నీటిలో కరిగియున్న ప్రాణవాయువును పట్టుకొనును. క్రింద ఏర్పడిన ఖాళీ, రేణువును అంటియున్న నీటినుండి ఎలక్ట్రానును లాగికొనును. ఇట్లు పుట్టినవాటిలో హైడ్రాక్సిల్ అను కణము మిక్కిలి బలవంతమైనది. అది తన ప్రక్కనున్న రంగును క్షణమాత్రమున కొఱికివేయును. పని పూర్తిగా సాగినచో రంగు తుదకు బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను, కొద్ది లవణములుగను మారిపోవును.

పొడిని మార్చుట యెందుకు?

ఇందులో రెండు చిక్కులు గలవు. మొదటిది ఏతపు ఎత్తు. టైటానియమ్ డైఆక్సైడులో క్రిందిమట్టమునకును పైమట్టమునకును నడుమ 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడము గలదు. అంత ఎత్తునకు లేపుటకు 388 నానోమీటర్లకంటె పొట్టి అలలుగల అతినీలలోహిత కిరణములే కావలెను. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. మనకు పడు ఎండలో ఈ కిరణములు నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే. తక్కిన ఎండ, ఏతపు మ్రానును వంచలేని పసివానివలె, ఊరక నిలిచిపోవుచున్నది.

రెండవ చిక్కు ఇట్టిది. పైకి లేచిన ఎలక్ట్రానులలో ఎక్కువభాగము ఏ పనియు చేయకయే తిరిగి క్రిందపడును. బాన ఒడ్డునకు రాకమునుపే నీరు బావిలో ఒలికినట్లన్నమాట. ఇది సెకనులో వందకోట్లవ వంతు వంటి స్వల్పకాలములో జరిగిపోవును.

ఈ రెండు చిక్కులను తీర్చుటకే పొడిని సవరింతురు. విధములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, పొడిలో కొంచెము నత్రజనిని చేర్చుట. బావి గోడకు నడిమిమెట్టు కట్టినట్లు ఇది ఎత్తును తగ్గించును. అప్పుడు కంటికి కనబడు వెలుతురులోని నీలపు భాగముకూడ పనికివచ్చును. ఈ మార్గమును 2001లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పిదప దీనిపై పరిశోధన మిక్కిలి విస్తరించెను.

రెండవది, రేణువుపై వెండి, ప్లాటినమ్ వంటి లోహపు చుక్కలను అంటించుట. ఒడ్డున తొట్టి కట్టినచో ఏతపు నీరు వెనుకకు ఒలుకదు గదా. ఆ లోహపు చుక్కలును ఎలక్ట్రానులను అట్లే పట్టియుంచును.

మూడవది, వేరొక కాంతి ఉత్ప్రేరకముతో జతచేయుట. వీటిలో కార్బన్ నైట్రైడు అను పసుపుపచ్చని పొడి ప్రసిద్ధము. అది సుమారు 460 నానోమీటర్ల వరకు గల వెలుతురును గ్రహించును. వెలుతురుచేత నీటిని విడదీయుటకు ఇది పనికివచ్చునని 2009లో తెలిసినది. మన రైతులెరిగిన యూరియాను మూతగల మూసలో సుమారు 550 డిగ్రీల వేడికి కాల్చియు దీనిని చేయుదురు. కాల్చునప్పుడు ఘాటైన అమ్మోనియా వెలువడును గనుక ఇంటియందు దీనికి పూనుకొనరాదు.

నాలుగవది, పొడిని గాజుపలకకో, పెంకుకో, బొగ్గురేణువునకో అంటించుట, లేదా అయస్కాంతమున కంటుకొను ఇనుపభస్మముతో కలుపుట. దీనివలన పొడి నీటితో కొట్టుకొనిపోక మరల మరల వాడుకకు వచ్చును. శాస్త్రశాలలో దీనిని చిన్న మార్పుగా ఎంతురు గాని, ఖర్చు లెక్కించు సంఘమునకు ఇదియే పెద్ద మార్పు.

మేము చేసి చూచినది

విన్నమాటలతో తృప్తిపడక మేమును పరీక్షించితిమి. ఒక అద్దకపు తొట్టి కడుగునీటిని తెచ్చి, మంచినీటితో పలుచన చేసి, ఆమ్లముతో దాని క్షారమును కొంత తగ్గించి మూడు గాజుసీసాలలో పోసితిమి. ఒకదానిలో పొడి వేసి ఎండలో ఉంచితిమి. రెండవదానిలో పొడి వేసి నల్లగుడ్డ చుట్టితిమి. మూడవదానిలో పొడి వేయక ఎండలో ఉంచితిమి. మరునాటి సాయంకాలమునకు మొదటి సీసాలోని నీరు, పొడి అడుగునకు పేరుకొన్న పిదప, ఇంచుమించు తేటగా కనబడెను. గుడ్డ చుట్టిన సీసాలో రంగు మొదట కొద్దిగా తగ్గి అంతటితో నిలిచెను. పొడికి అంటుకొన్న రంగు మాత్రమే తగ్గినదన్నమాట. మూడవదానిలో చెప్పదగిన మార్పు లేదు. కావున పొడియు, వెలుతురును కలిసినప్పుడే పని జరిగినదని స్పష్టము.

మరి రెండు సంగతులు తెలిసికొంటిమి. అదే నీటిని లోతైన కడవలో పోసినప్పుడు రంగు మిక్కిలి మెల్లగా విరిగెను. పైనీటిలోని రంగే వెలుతురును త్రాగివేసి అడుగునకు పోనీయదు. కావున వెడల్పైన, లోతులేని పళ్లెములే తగినవి. పిదప అంగడిలో దొరకు గోడరంగు పొడిని వేసి చూడగా అది పనిచేయలేదని చెప్పవచ్చును. గోడరంగు ఎండకు చెడకుండుటకై ఆ రేణువులపై ఇసుకజాతి పూతలు పూసి దాని కాంతిగుణమును కావలెననియే అణచివేయుదురు. పేరొకటే అయినను పని ఒకటి కాదు.

ఇంతవరకు సంతోషమే. ఇక మా తప్పును చెప్పుకొనవలెను. తేటపడిన నీటిని చూచి మురిసి, దానిని ఒక చిన్న మిరపనారుమడికి పెట్టించితిమి. ప్రక్కమడికి బావినీరు పెట్టించితిమి. కొన్ని దినములకే మొదటి మడిలో ఆకుల అంచులు మాడెను. మట్టిపై తెల్లని పొర తేలెను. రంగు లేని నీరే గదా, ఏల ఇట్లయ్యెనని ఆలోచించి, విద్యుద్వాహకతను కొలుచు పనిముట్టును అప్పుడు పెట్టి చూచితిమి. ఎండలో పెట్టకముందు తీసియుంచిన నీటిలోను, తేటపడిన నీటిలోను అంకె సమానముగనే ఉండెను. అనగా రంగు పోయినది గాని తొట్టిలో వేసిన ఉప్పు ఒక పిసరును పోలేదు. ఆ పనిముట్టును నారు పోయకముందే పెట్టవలసినది. నారుమడి నష్టమునకు పొడి కారణము కాదు, మా తొందరపాటే కారణము.

దీనిని ప్రత్యేకముగా వ్రాయుటకు హేతువు గలదు. రంగునీరు తన్ను తానే చాటుకొనును. దానిని చూచిన రైతు గండి మూసికొనును. రంగు విరిగిన ఉప్పునీరు మంచినీటివలె కనబడి పొలములోనికి వచ్చును. ఏ జాగ్రత్తయు లేక రంగును మాత్రమే తీసివేయుట, పామునకు కోఱలు తీయక బుస మాత్రము మాన్పినట్లగును. నీటిలోని సోడియము బంకమట్టి రేణువులను విడదీసి నేలను గట్టిపరచును. నీరు ఇంకదు, వేరు సాగదు, క్రమముగా నేల చౌడుబారును. నల్లరేగడికి ఈ కీడు మరింత హెచ్చు.

నొయ్యల్ నది నేర్పిన పాఠము

తమిళనాట కోయంబత్తూరునకు పడమటనున్న వెళ్లియంగిరి కొండలలో పుట్టి తిరుప్పూరుమీదుగా ప్రవహించి కావేరిలో కలియు నొయ్యల్ నది సంగతి ప్రతి రైతుసంఘమును తెలిసికొనదగినది. తిరుప్పూరు బనియనులకు, అల్లిక బట్టలకు లోకప్రసిద్ధము. ఆ నదిమీద దిగువ పొలములకు నీరిచ్చుటకై ఒరత్తుపాళయమువద్ద కట్టిన ఆనకట్ట 1992లో సిద్ధమైనది. కాని కొద్ది సంవత్సరములలోనే అది అద్దకపు మురికినీటికి నిలువయయ్యెను. నీటికై ఎదురుచూచిన ఆయకట్టు రైతులే ఆ నీరు తమకు వలదని చెప్పవలసివచ్చెను. బావులుకూడ ఉప్పెక్కెను.

రైతులు సంఘముగా ఏర్పడి మద్రాసు హైకోర్టునకు పోయిరి. అద్దకపు నీరు చుక్కయైన నదిలోనికి పోరాదని 2006లో కోర్టువారు ఆజ్ఞాపించిరి. అది నెరవేరనందున 2011 జనవరిలో అద్దకపు కర్మాగారములను మూయుమనిరి. మూతపడినవి సుమారు ఏడువందలు. వేలకొలది కూలీలు పని కోల్పోయిరి. పిదప నీటిని పొరలగుండ వడగట్టి, మిగిలిన ఉప్పునీటిని కాచి, ఉప్పును మరల అద్దకమునకే వాడు ఏర్పాటులు చేసికొన్నవారు పని సాగించుకొనిరి. మొదటనే ఉప్పు సంగతి చూచుకొనియున్నచో రైతు నేలయు, కూలివాని పనియు రెండును నిలిచియుండెడివి.

పొడికి తగిన స్థానము

ఇట్లనుటచేత పొడి వ్యర్థమని మా భావము కాదు. దానికి తగిన స్థానమున దానిని నిలుపవలెను. మొదట నీటిని తొట్టిలో తేర్చవలెను. పిదప సూక్ష్మజీవులచేత మురికిని తినిపించవలెను. అవి తినలేక విడిచిన రంగును, విషమును విరుచుటకు కాంతి ఉత్ప్రేరకమును వాడవలెను. తుదకు ఉప్పును పొరలచేత వేరుచేయవలెను. ఈ వరుసలో పొడి మూడవ మెట్టు మాత్రమే.

స్పెయిను దేశమందలి అల్మేరియా ప్రాంతమున ఎండచేత నీటిని శుద్ధిచేయు పరిశోధన బహుకాలముగా జరుగుచున్నది. అచ్చటి తోటలలో వాడిన పురుగుమందు డబ్బాలు కడిగిన నీటిని, ఇనుప లవణము, హైడ్రొజన్ పెరాక్సైడు కలిపి, ఎండను ఒడిసిపట్టు అద్దపు గొట్టములలో త్రిప్పి శుద్ధిచేసిరి. ఇది మన తెల్లపొడికి దాయాది పద్ధతి. ఉప్పు తక్కువయై విషము ఎక్కువైన అట్టి నీటికి ఎండపద్ధతులు బాగుగా తగును. ఉప్పును, సోడాను మెండుగా గల అద్దకపు నీటిలో పని కష్టము. హైడ్రాక్సిల్ కణములను సోడాయు, ఉప్పును మధ్యలోనే మ్రింగివేయును. పైగా క్షారము హెచ్చిన నీటిలో తెల్లపొడి రేణువులును, రియాక్టివ్ రంగులును ఒకే జాతి విద్యుత్తు గలవియై ఒకదానినొకటి త్రోసికొనును. క్షారమును తగ్గింపనిది రంగు పొడిని చేరదు.

కొనకముందు అడుగవలసినవి

సంఘకార్యవర్గములు ఏ పొడిని కొనదలచినను ఈ ప్రశ్నలను విడువరాదు.

1. పరీక్షను మన వాగునీటితో, మన అద్దకపువారి నీటితో చేసి చూపుదురా? తేటనీటిలో ఒక్క నీలిరంగును కలిపి చూపినచో చాలదు. కొన్ని రంగులు తామే వెలుతురును గ్రహించి వెలిసిపోవును. అది పొడి గొప్పతనము కాదు.

2. వెలుతురు లేక చేసిన పరీక్షయు, పొడి లేక చేసిన పరీక్షయు ప్రక్కప్రక్కన చూపుదురా?

3. రంగు పోయిన పిదప రసాయనిక ప్రాణవాయువు అవసరమును కొలిచితిరా? రంగు ముడి త్రెగినను ముక్కలు నీటిలో మిగులవచ్చును. కొన్ని ముక్కలు మొదటి రంగుకంటె విషములు. ఈ కొలత తగ్గినప్పుడే ముక్కలును విరిగినవని నమ్మవచ్చును.

4. పొడిలో కాడ్మియము వంటి విషలోహమున్నదా? కొన్ని సవరించిన పొడులలో అదియు చేరును. కాడ్మియము నేలలోనికి పోయిన పిదప తిరిగి తీయుట అసాధ్యము, పంటలోనికిని ఎక్కును.

5. పొడిని తిరిగి పట్టుట ఎట్లు? ఎన్నిమారులు వాడినను దాని బలము నిలుచునా? కాలువలో కొట్టుకొనిపోవు పొడి సంఘపు సొమ్మే.

6. ఉప్పు ఏమగును? ఈ ప్రశ్నకు ఉత్తరము లేనిచో తక్కినవాటి ఉత్తరములు ఎంత బాగున్నను ఆ నీటిని పొలమునకు పెట్టరాదు.

నీటి విద్యుద్వాహకత మీటరుకు 0.7 డెసీసీమెనులకు లోబడియున్నచో సేద్యమునకు ఉప్పుచేత అడ్డులేదనియు, 3 దాటినచో మిక్కిలి జాగ్రత్త వలయుననియు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1985లో ప్రకటించిన గ్రంథమున గలదు. దీనితోపాటు సోడియము నిష్పత్తినికూడ భూసార పరీక్షాకేంద్రమున చూపించుకొనవలెను. పొడిని చేతపట్టువారు ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనవలెను. ఆ సన్నని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సోదరులారా, నేతవాని మగ్గమును ఆపించుట మన కోరిక కాదు, రైతు మడిని చౌడుచేయుట నేతవాని కోరికయు కాదు. సంఘపు సొమ్ము ఖర్చుపెట్టదలచినచో మొట్టమొదట ఉప్పును కొలుచు పనిముట్టును ఒకటి కొని, ఎగువవారును దిగువవారును కలిసి వారమునకొకమారు వాగునీటిని కొలిచి, ఆ అంకెలను సంఘపు పుస్తకమున ఎక్కించుడు. తొట్టిలో ఉప్పును ఎంత తగ్గింపవచ్చునో, మొదటి కడుగునీటిని ఎంతవరకు విడిగా పట్టియుంచవచ్చునో అద్దకపువారితో కూర్చుండి మాటలాడుకొనుడు. అటుపిమ్మట పొడి సంగతి ఆలోచించినను ఆలస్యము కాదు. ఎండ మనకు ఏటేటను ఉచితముగనే వచ్చును. చౌడుబారిన నేల మాత్రము ఒక తరములో తిరిగి రాదు.